పాతగుంటూరు వైపు ఓ పట్టణ ఆరోగ్య కేంద్రం: టీబీ మాత్రలిచ్చి, ఇంట్లో పప్పు ఎప్పుడు వండారని కూడా అడిగారు

రేటింగ్ ముందే చెప్పేస్తాను. ఐదుకి నాలుగు. ఆ తగ్గించిన ఒక్కటీ అక్కడ పనిచేసేవాళ్ల మీద కోపంతో కాదు. ఎందుకో కింద రాశాను.

సెంటర్ పేరు రాయడం లేదు. పేటలో అందరికీ అందరూ తెలుసు, ఫలానా సెంటర్ అనగానే ఫలానావిడకి టీబీ అని ఇట్టే పోల్చుకుంటారు. పాతగుంటూరు వైపున్న ఒక పట్టణ ఆరోగ్య కేంద్రం అనుకోండి. టీబీ పరీక్షలు, మందులు దేశమంతా ఒకే కార్యక్రమం కింద నడుస్తాయి కాబట్టి, మీ పేట సెంటర్లో కూడా ఇందులో చాలా భాగం మీకు అందాలి. అందకపోతే అడగాలి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

నేను అరండల్‌పేటలో మందుల షాపులో పనిచేస్తాను. టీబీ మందులు షెడ్యూల్ హెచ్1 అనే జాబితాలో ఉంటాయి. డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇచ్చినప్పుడల్లా రిజిస్టర్‌లో రోగి పేరు, డాక్టర్ పేరు రాయాలి. 2018 నుంచి ఆ రోగుల వివరాలు ప్రభుత్వానికి తెలియజేయాల్సిన బాధ్యత షాపుల మీద కూడా ఉంది. అంటే ఈ జబ్బు నాకు కౌంటర్ ఇవతలి నుంచి బాగానే తెలుసు. మందు కొనలేక మానేసినవాళ్లనీ, నాలుగు రోజులు తేలిగ్గా అనిపించగానే ఇక చాలనుకున్నవాళ్లనీ చూశాను. ఈసారి మా పిన్నికే వచ్చింది.

పిన్ని మిర్చి కోల్డ్ స్టోరేజీల దగ్గర ముచ్చికలు, అంటే కాయల తొడిమలు, తీసే పనికి వెళ్తుంది. గుంటూరు వాళ్లకి చెప్పక్కర్లేదు. గోతం పరుచుకుని, ముక్కుకి కొంగు అడ్డం కట్టుకుని, పొద్దుటినుంచీ కాయ కాయకీ ముచ్చిక తుంచాలి. తీసిన కిలోల లెక్కన కూలి. ఆ ఘాటుకి అక్కడ కూర్చున్న ఆడవాళ్లంతా దగ్గుతూనే ఉంటారు. అందుకే పిన్ని దగ్గుని ఎవరూ పట్టించుకోలేదు, ఆవిడ కూడా పట్టించుకోలేదు. సీజన్ అయిపోయి, పని ఆగి, ఇంట్లో కూర్చున్నాక కూడా దగ్గు తగ్గకపోయేసరికి మా తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, ఒక ప్రైవేటు క్లినిక్‌కి తీసుకెళ్లాడు. సిరప్ మార్చారు, యాంటీబయాటిక్ మార్చారు, మళ్లీ సిరప్ మార్చారు. కఫం పరీక్ష మాట ఎవరూ ఎత్తలేదు. వాడు నడిపేది అద్దె ఆటో. ఆ రోజుల సంపాదనంతా అక్కడికే పోయింది.

జబ్బు పట్టుకున్నది ఆశా వర్కర్. ఏదో సర్వే మీద ఇల్లిల్లూ తిరుగుతూ నాలుగే ప్రశ్నలు అడిగింది: రెండు వారాలకు మించి దగ్గు ఉందా, సాయంత్రాలు జ్వరం వస్తోందా, బరువు తగ్గారా, రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయా. నాలుగింటికీ పిన్ని అవునంది. మర్నాడు పొద్దున్నే సెంటర్‌కి రమ్మని చెప్పి, చేతిలో మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా పెట్టింది. తెల్లవారి లేవగానే వచ్చే కఫం అందులో పట్టుకురావాలి, సెంటర్‌కి వచ్చాక ఇంకో శాంపిల్ అక్కడే ఇవ్వాలి.

ఈ కఫం ఇవ్వడం దగ్గరే చాలామంది పరీక్ష పాడవుతుంది. నోట్లో ఉమ్మి వేసి ఇచ్చేస్తారు, అందులో ఏమీ కనపడదు, టీబీ లేదని ఇంటికెళ్లిపోతారు. ఇక్కడ ల్యాబ్ అబ్బాయి పిన్నిని సెంటర్ వెనక ఆరుబయటికి తీసుకెళ్లి, తను దూరంగా నిలబడి, చేసి చూపించాడు. ముందు నీళ్లతో నోరు పుక్కిలించమన్నాడు. తర్వాత గుండెలనిండా గాలి పీల్చి కాసేపు బిగపట్టి, లోపలినుంచి దగ్గమన్నాడు. మొదటిసారి వచ్చింది చూసి, "ఇది ఉమ్మేనమ్మా, ఇంకోసారి చేద్దాం, తొందరేం లేదు" అన్నాడు. విసుక్కోలేదు. ఎవరో ఒకరు ఓపిగ్గా పక్కన నిలబడితే తప్ప ఈ పని సరిగ్గా జరగదు.

పరీక్ష ట్రూనాట్ మీద చేశారు. గోవాలో తయారైన యంత్రం, చిన్న చిప్ మీద నడుస్తుంది. టీబీ క్రిమి ఉందో లేదో చెప్పడంతో పాటు, ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కి ఆ క్రిమి లొంగుతుందో లేదో కూడా చెప్తుంది. పిన్నికి టీబీ ఉంది, మందుకి లొంగే రకమే. పైసా ఖర్చు లేదు.

ఇంతవరకూ బాగా నడిచే ఏ ఆస్పత్రిలో అయినా జరగొచ్చు. నేను ఈ రివ్యూ రాయడానికి కారణం ఆ తర్వాత జరిగింది.

టీబీ హెల్త్ విజిటర్ అని ఒకావిడ ఉంటుంది. మందుల పెట్టె తెరవక ముందే పిన్నిని కూర్చోబెట్టి కార్డు రాయడం మొదలుపెట్టింది. బరువు ముప్ఫై ఆరు కిలోలు. ఎత్తు కొలిచి, లెక్క చూసి, ఉండాల్సిన దానికంటే చాలా తక్కువని చెప్పింది. ఆ తర్వాత అడిగినవి ఏ క్లినిక్‌లోనూ నేను వినని ప్రశ్నలు. ఇంట్లో ఎంతమంది? వంట ఎవరు చేస్తారు? మీరు తినేది అందరూ తిన్నాకా, ముందా? పప్పు చివరిసారి ఎప్పుడు వండారు? గుడ్డు? రేషన్ కార్డులో మీ పేరు ఉందా? పెన్షన్ వస్తోందా? బ్యాంకు పుస్తకం మీ దగ్గరే ఉందా? పని మానేస్తే ఇల్లు ఎట్లా గడుస్తుంది?

పప్పు వారానికోసారి, మిగతా రోజులు గోంగూర పచ్చడో, చింతపండు పులుసో అంది పిన్ని. బియ్యానికి లోటు లేదు, మనిషికి ఐదు కిలోల చొప్పున రేషన్‌లో ఉచితంగా వస్తున్నాయి. లోటంతా బియ్యం పక్కన ఉండాల్సిన వాటికే. హెల్త్ విజిటర్ అదంతా రాసుకుంది. నాకు అక్కడే అర్థమైంది, ఈవిడ మందు ఒక్కటీ ఇచ్చి పంపే మనిషి కాదని.

మందుల సంగతి క్లుప్తంగా. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన మాత్రలు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులవి. ఎన్ని మాత్రలన్నది బరువును బట్టి, పిన్నికి రోజుకి మూడు. మూత్రం నారింజ రంగులో వస్తుంది, భయపడొద్దు అని ముందే చెప్పారు. ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల రక్తం పోతోందనుకుని మందు ఆపేసినవాళ్లు నా షాపుకొచ్చి అడిగారు, అందుకే రాస్తున్నా. టీబీ వచ్చిన ప్రతి ఒక్కరికీ షుగర్, హెచ్ఐవీ పరీక్షలు చేస్తారు. పిన్నికి షుగర్ ఉందని అలాగే బయటపడింది. షుగర్ ఉన్నవాళ్లకి టీబీ ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువ. షుగర్ అదుపులో లేకపోతే టీబీ కూడా ఒక పట్టాన లొంగదు. ఆ మాత్రలు కూడా అదే సెంటర్లో, అదే రోజు ఇచ్చారు. ఇంకో ఆస్పత్రికి చీటీ రాసి పంపి ఉంటే పిన్ని వెళ్లేది కాదు, నాకు తెలుసు.

ఇంటికొచ్చిన తీరు గురించి కూడా చెప్పాలి. ఏఎన్ఎం నర్సు, హెల్త్ విజిటర్ ఇద్దరూ వచ్చారు. వీధిలో నిలబడి పేరు పెట్టి కేకేయలేదు. మామూలుగా ఇంట్లోకొచ్చి, తలుపు దగ్గరగా వేసి మాట్లాడారు. మా మరదలు అప్పటికే పిన్నికి గ్లాసు, కంచం విడిగా పెట్టేసింది. ఆ అమ్మాయికి ఇద్దరు చిన్నపిల్లలు, భయపడిందంటే తప్పు పట్టలేను. హెల్త్ విజిటర్ కోప్పడకుండా చెప్పింది: "ఇది కంచం మీద, గ్లాసు మీద పాకే జబ్బు కాదమ్మా, దగ్గినప్పుడు గాలిలో పాకుతుంది. ఆ కిటికీకి అడ్డం పెట్టిన బీరువా జరపండి, అత్తయ్య దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకోవాలి, మందు పడుతుంటే కొన్ని వారాల్లో పాకడం బాగా తగ్గిపోతుంది." బీరువా ఆ సాయంత్రమే జరిగింది. కంచాలు కలవడానికి ఇంకొన్నాళ్లు పట్టింది.

ఇంట్లో ఐదుగురినీ చూశారు. తమ్ముడు పగలంతా ఆటో మీద ఉంటాడని చెప్తే, వాడు దొరికే వేళకి, పొద్దుగూకాక మళ్లీ వచ్చారు. మూడేళ్ల మనవడికి తిండి సరిపోతోందో లేదో చూడటానికి చేతి జబ్బకి కొలత టేపు చుట్టారు. ఆ టేపు మీద పదకొండున్నర సెంటీమీటర్ల లోపు ఎరుపు, అక్కడినుంచి పన్నెండున్నర దాకా పసుపు, ఆ పైన ఆకుపచ్చ. వాడిది పసుపులో ఆగింది. వాడికి టీబీ లేదని తేల్చుకున్నాక, రాకుండా ఉండేందుకు మందు మొదలుపెట్టారు. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఇది తప్పనిసరిగా అడిగి ఇప్పించుకోండి. అంతటితో వదలకుండా హెల్త్ విజిటర్ అంగన్‌వాడీ టీచర్‌కి అక్కడినుంచే ఫోన్ చేసి, వీడి బరువు నెలనెలా చూడమని, గుడ్డు, పాలు సరిగ్గా తింటున్నాడో లేదో గమనించమని చెప్పింది. అంగన్‌వాడీ ఒక శాఖ, టీబీ ఇంకో శాఖ, పెన్షన్, రేషన్ చూసే సచివాలయం మరొకటి. చదువుకున్న నాకే ఎవరి దగ్గర ఏం దొరుకుతుందో తెలియదు. జ్వరంతో మంచంలో ఉన్న మనిషి ఇన్ని గుమ్మాలు ఎక్కలేదు. ఆ తిరుగుడు పిన్ని బదులు హెల్త్ విజిటర్ తిరిగింది.

ఇక డబ్బులు. టీబీ రోగి తిండి కోసం కేంద్ర ప్రభుత్వం 2018 ఏప్రిల్ నుంచి నెలకి ఐదు వందలు ఇచ్చేది, 2024 నవంబరు నుంచి అది వెయ్యి అయింది. ఆరు నెలల మందుకి ఆరు వేలు, మూడు వేల చొప్పున రెండు విడతలుగా నేరుగా బ్యాంకు ఖాతాలో పడతాయి. మొదటిది మందు మొదలైనప్పుడే పడాలి. పిన్నికి పడలేదు. ఎందుకు పడలేదో కనుక్కోవడమే ఒక పని అయింది. పిన్నికి రెండు ఖాతాలున్నాయి. పెన్షన్ ఇంటికే వస్తుంది కాబట్టి ఖాతాలతో ఆవిడకి పని లేదు. ఆధార్ జోడించి ఉన్నది ఎప్పుడో తెరిచి వదిలేసిన ఖాతాకి, సెంటర్లో ఇచ్చింది ఇంకో పుస్తకం. ఆ పాత ఖాతా వాడక నిలిచిపోయింది. బ్యాంకులో కౌంటర్ కౌంటర్‌కీ తిప్పారు, ఒకరు కేవైసీ అన్నారు, ఇంకొకరు ఫోన్ నంబరు మార్చమన్నారు. దగ్గుతూ మాస్కు పెట్టుకుని నిలబడిన మనిషికి కుర్చీ చూపించినవాళ్లు లేరు. ఆ బ్యాంకు పేరు రాయను గానీ, బాధ మాత్రం ఇప్పటికీ ఉంది. చివరికి ఆశా వర్కర్ తనే వెంట వెళ్లి, అటు సచివాలయంలో ఏ ఖాతాకి ఆధార్ ఉందో చూపించుకుని, ఇటు బ్యాంకులో కాగితం పెట్టించింది. డబ్బు పడేసరికి నాలుగు మందుల దశ అయిపోవచ్చింది.

ఇది చిన్న ఆలస్యం కాదు. తిండి డబ్బు అన్నిటికంటే పనిచేసేది మొదటి రెండు నెలల్లోనే. జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో 2,800 మంది టీబీ రోగులకీ, వాళ్ల ఇళ్లలోని పదివేల మందికి పైగా మనుషుల్లో దాదాపు సగం మందికీ తిండి సరుకులిచ్చి చేసిన అధ్యయనం ఒకటుంది, 2023లో లాన్సెట్ పత్రికల్లో వచ్చింది. మొదటి రెండు నెలల్లో ఐదు శాతం బరువు పెరిగిన రోగుల్లో చనిపోయే ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. పిన్ని లెక్కలో ఐదు శాతం అంటే రెండు కిలోల లోపు. ఆ రెండు కిలోల కోసమే ఇదంతా. అదే అధ్యయనంలో ఇంకో సంగతి తేలింది. రోగికి ఒక్కరికే కాక ఇంట్లో అందరికీ నెలకి తలా ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్లు ఇచ్చిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం దాదాపు 39 శాతం తగ్గింది.

ఈ రెండో సంగతి ఎందుకు చెప్తున్నానంటే, మాకొచ్చిన సరుకుల సంచి ఒక్కరికి సరిపడేది. నిక్షయ్ మిత్ర అని ఒక పథకం ఉంది, దాతలు రోగిని దత్తత తీసుకున్నట్టు నెలనెలా సరుకులిస్తారు. పెద్దవాళ్లకి సూచించిన కొలత ఇదీ: మూడు కిలోల బియ్యమో చిరుధాన్యాలో, కిలోన్నర పప్పు, పావుకిలో నూనె, కిలో పాలపొడి లేదా కిలో వేరుశనగ గుళ్లు, వీలైతే ముప్ఫై గుడ్లు. పిన్నికి ఒక మిర్చి వ్యాపారి ఇచ్చారు, ఆయనకి దండం పెట్టాలి. కానీ కిలోన్నర కందిపప్పు ఇంటికొస్తే పిన్ని తన గిన్నెలో విడిగా వండుకుంటుందా? పక్కన మనవలు కూర్చుని ఉంటే ఏ నాయనమ్మ వండుకుంటుంది? ఐదుగురికీ పంచింది. సంచి పది రోజులు కూడా ఆగలేదు. ఇంటిల్లిపాదికీ ఇవ్వాలని నేను గట్టిగా అంటాను. ఇంట్లోవాళ్లకి కూడా సరుకులివ్వొచ్చని నిబంధనల్లో వచ్చింది, దాతలు దొరకాలి మరి. కొన్ని నెలలయ్యాక మాకు ఆ సంచి కూడా ఆగింది, కొత్త దాత కోసం చూస్తున్నామన్నారు. మనిషి కోలుకోవడం దాత మనసు మీద ఆధారపడి ఉండటం నాకు నచ్చలేదు.

నేను ఒక నక్షత్రం తగ్గించింది కూలి గురించి. పిన్నిని రెండు నెలలు ఆ ఘాటులోకి వెళ్లొద్దన్నారు, సరైన మాటే. ఆ రెండు నెలల కూలి ఎవరిస్తారు? ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికి తెచ్చిచ్చే వితంతు పెన్షన్ నాలుగు వేలే ఆ ఇంటిని నిలబెట్టింది. అది లేని ముచ్చికల కూలీ అయితే దగ్గుతూనే మళ్లీ గోతం మీద కూర్చునేది. ఇది కొత్త ఆలోచన కూడా కాదు. 2019 డిసెంబరు 2న మన గుంటూరు పెద్దాసుపత్రిలోనే ఆరోగ్య ఆసరా మొదలుపెట్టారు. ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో కోలుకునేవాళ్లకి రోజుకి 225 రూపాయల చొప్పున, నెలకి ఐదు వేల దాకా ఇస్తామన్నారు. జబ్బు తగ్గేదాకా కూలి కూడా వైద్యంలో భాగమేనని ఒప్పుకున్న మొదటి మెట్టు అది. ఇంట్లో ఉండి మాత్రలు వేసుకుంటున్న పిన్నికి అలాంటిదేదీ అందలేదు. టీబీకి కనీసం మొదటి రెండు నెలలు కూలి భర్తీ ఇస్తే నేను ఈ సెంటర్‌కి ఐదుకి ఐదు ఇస్తాను.

ఇంకో చిన్న ఫిర్యాదు: ఓపీ పొద్దున పూటే గట్టిగా నడుస్తుంది. కూలికి వెళ్లేది కూడా పొద్దున్నే. మందులకి వస్తే ఆ రోజు కూలి పోయినట్టే. వారానికి ఒక సాయంత్రం టీబీ వాళ్ల కోసం తెరిచి ఉంచితే చాలా మందికి ఉపకారం.

వెళ్లేవాళ్లు ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం మూడూ పట్టుకెళ్లండి. ఆధార్ ఏ ఖాతాకి జోడించి ఉందో వెళ్లే ముందే సచివాలయంలో చూపించుకోండి, మాకు జరిగిన ఆలస్యం మీకు జరగదు. సరుకుల గురించి వాళ్లు చెప్పకపోతే మీరే అడగండి. దూరంగా ఉన్నవాళ్లకి టీబీ సాయం నంబరు ఉంది, 1800116666, ఉచితం. కూలి పని చేసే ఇళ్లలో, మిర్చి పని, పత్తి మిల్లు పని చేసేవాళ్లలో, "ఘాటుకి దగ్గు, దుమ్ముకి దగ్గు" అని సర్దుకుపోతున్నవాళ్లుంటే ఈ రోజే సెంటర్ నుంచి ఆ కఫం డబ్బా తెచ్చివ్వండి.

పిన్ని ఇప్పుడు నలభై కిలోలు దాటింది. మొన్న సెంటర్లో తూకం ఎక్కినప్పుడు చెప్పులు విప్పమంటే, "చెప్పులతోనే చూడమ్మా, ఎక్కువ చూపిస్తుంది" అంది. హెల్త్ విజిటర్ నవ్వి, చెప్పులు విప్పించే రాసుకుంది. మూడు మందుల మాత్రలు నడుస్తున్నాయి. రెండో విడత మూడు వేలు ఇంకా పడలేదు. పడితే ఎప్పుడు పడిందో, పడకపోతే ఎందుకు పడలేదో ఇక్కడే మళ్లీ రాస్తాను.